మూడో సైరన్

ఆదివారం. వాన పడేలా ఉంది, పడలేదు.
లిస్బన్ నుంచి రెండు గంటల బస్సు.
బీచికి పోదామన్న ఇరియా
ముడుచుకున్న మూతితోనే దిగింది.
తెల్ము చేతిలో సగం తిన్న కస్టర్డు పేస్ట్రీ,
అమ్మ చేతిలో గొడుగు,
నా చేతిలో అందరి చలికోట్లూ.

సార్డీన్ చేపల ఫ్యాక్టరీ ఇప్పుడు మ్యూజియం.
పొగగొట్టం మీద కొంగ గూడు కట్టుకుంది.
టికెట్ల కిటికీలో కుర్రాడు
"అరవై ఐదు దాటినవాళ్ళకి ఉచితమండీ" అన్నాడు.
"పదకొండేళ్ళు ఉచితంగానే లోపలికొచ్చాను నాయనా,
బయటికి రావడమే కష్టంగా ఉండేది" అంది అమ్మ.
నవ్వాలో వద్దో తెలీక
వాడు టికెట్టు చింపి ఇచ్చాడు.

లోపల వాసన లేదు.
అమ్మ ముక్కు ఎగరేసింది,
గోడ దగ్గరికెళ్ళి మళ్ళీ ఎగరేసింది.
"కడిగేశారు" అంది,
ఎవరి పుట్టుమచ్చనో చెరిపేసినట్టు.
ఆ వాసన వదిలించుకోడానికే పెళ్ళికి ముందు వారమంతా
నిమ్మచెక్కలతో మోచేతులదాకా తోముకుందట.
ఆ చెయ్యి ముద్దుపెట్టుకుని నాన్న
నిమ్మతోటని చేసుకున్నాననుకున్నాడట.
సోమవారానికి సముద్రం తిరిగొచ్చింది.

గైడు అమ్మాయి, మెడలో నీలం తాడు,
ఇది తలలు తుంచే బల్ల, ఇది ఆవిరి గది అంటూ నడుస్తోంది.
పిల్లల కోసం ఒక ఆట: డబ్బాలో రబ్బరు చేపలు పేర్చాలి.
తెల్ము తోకలన్నీ ఒకవైపే పెట్టాడు, మూత పడలేదు.
అమ్మ పక్కన కూచుని
ఒకటి తల అటు, ఒకటి తల ఇటు,
ఒకటి తల అటు
కళ్ళు మాత్రం కిటికీలో.
"అమ్మమ్మా, చూడకుండానే!"
"చూస్తే ఆలస్యం."
ఆమె చూపుడువేలి మీది తెల్లగీతని
పుట్టినప్పట్నుంచీ చూస్తున్న ఇరియా
ఇవాళ అదేమిటని అడిగింది.
రేకు అంచు, అంది అమ్మ. ఇంకేం చెప్పలేదు.

తర్వాతి గదిలో గోడకి నాలుగు మీటలు.
ఊళ్ళో నాలుగు ఫ్యాక్టరీలు, ఒక్కోదానికి ఒక్కో కూత.
పడవలు ఒడ్డు చేరగానే, పగలో అర్ధరాత్రో,
ఎవరి కూత వాళ్ళని లేపేదట.
ఇరియా మొదటిది నొక్కింది: ఆవు రంకె.
రెండోదానికి తెల్ము చెవులు మూసుకున్నాడు.
మూడోది సన్నగా మొదలై
మధ్యలో విరిగి, మళ్ళీ పైకి లేచింది.

బెంచీ మీంచి అమ్మ లేచి నిలబడింది.
గొడుగు కింద పడింది.
ఎడంచెయ్యి నడుము వెనక్కి పోయి
లేని ఏప్రన్ ముడి కోసం వెతికింది.
కుడిచెయ్యి కిందికి వంగింది,
నిద్రలో ఉన్న ఎవరినో ఎత్తుకోబోతున్నట్టు.

ఆ ఎవరో నేనే.
దుప్పట్లో చుట్టి పక్కింట్లో దించి పరిగెత్తేదట.
నాకు గుర్తున్నది చెంపకి తగిలిన చలి,
రాళ్ళ వీధి మీద వందల చెక్కచెప్పుల చప్పుడు.
దాన్ని చాలా ఏళ్ళు వాన అనుకున్నాను.

సైరన్ ఆగింది.
"కాళ్ళు తిమ్మిరెక్కాయి" అంది అమ్మ,
ఎవరూ అడక్కపోయినా.
ఇంకోటి ఉంది నొక్కమంది గైడు.
ఇరియా నొక్కలేదు. గొడుగు తీసి అమ్మమ్మకిచ్చింది.

బయటికొచ్చే దారిలో చిన్న గది.
పని దిగిన ఆడవాళ్ళ సంచులు,
ఒక్కోరోజు కొప్పులు కూడా, ఇక్కడే వెతికేవారని
గైడు చెబుతోంటే అమ్మ ఆగలేదు.
పిల్లలు రబ్బరు చేపలతో ఆఖరి ఆట ఆడివస్తామంటే
వాళ్ళతో తనూ వెళ్ళింది.
నేను దుకాణంలో డబ్బా ఆరు యూరోలని చదివి
ఉన్నచోటే పెట్టేశాను.

బస్టాపులో వాన మొదలైంది, పొద్దుట్నించీ బాకీ ఉన్న వాన.
అమ్మ గొడుగు విప్పింది.
మడతల్లోంచి ఓ రబ్బరు సార్డీన్ జారి
చప్టా మీద పడింది, కళ్ళు తెరుచుకునే.

తెల్ము ఇరియాని చూశాడు. ఇరియా నన్ను చూసింది.
అమ్మ వంగి దాన్ని తీసి,
వాన కింద రెండు వైపులా కడిగి,
కోటు జేబులో వేసుకుని
"బస్సొస్తోంది, లైన్లో నిలబడండి" అంది.